పాత సినిమా గౌను, కొత్త గాయని ముఖం: మ్యూజిక్ వీడియోలు పాతవాటి నుంచి ఏం తీసుకుంటాయి?

శ్రావణమేఘం (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్తే. కొన్ని రోజులుగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మీలో సినిమాలు, డాన్సు, ఫొటోగ్రఫీ బాగా తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నా.

మడోనా 'మెటీరియల్ గర్ల్' వీడియో (1985) నేను చిన్నప్పుడే చూశాను. గులాబీ రంగు గౌను, మోచేతులు దాటిన గ్లవ్స్, ఎర్రటి సెట్టు, మెట్ల మీద సూట్లు వేసుకున్న మగవాళ్లు. నాకు మడోనా అంటే ఆ బొమ్మే. మొన్న 'జెంటిల్‌మెన్ ప్రిఫర్ బ్లాండ్స్' (1953) మొదటిసారి చూశాను. వజ్రాల పాట మొదలైంది. అదే గౌను, అదే ఎరుపు, అలాంటి మగవాళ్లే, మధ్యలో మార్లిన్ మన్రో. ఒక్క క్షణం మన్రోనే మడోనాను అనుకరిస్తోందనిపించింది. రెండింటికీ మధ్య ముప్పై రెండేళ్లు! మన్రో చనిపోయేనాటికి మడోనాకు ఇంకా నాలుగేళ్లు నిండలేదు.

నా ప్రశ్న ఇది. కొత్తగా పైకి వస్తున్న గాయనికి తనకంటూ ఒక రూపం కావాలి కదా. అలాంటప్పుడు అందరికీ తెలిసిన ఇంకొకరి రూపంలో ఎందుకు వస్తుంది? పోలిక పెట్టి చిన్నచేస్తారని భయం ఉండదా?

మూకీ_ప్రేమికుడు

మంచి ప్రశ్న. ముందు కాలం సంగతి చూడండి. ఎంటీవీ 1981 ఆగస్టు 1న మొదలైంది. అంతకుముందు కూడా పాటలకు ఫిల్ములు తీశారు కానీ, రోజంతా అవే వేసే ఛానెల్ లేదు. అప్పటిదాకా రేడియోలో గొంతు, రికార్డు అట్ట మీద ఒక ఫొటో ఉంటే సరిపోయేది. ఉన్నట్టుండి గాయకులందరికీ నడవడం, చూడడం, నటించడం వచ్చి తీరాలి. అదీ నాలుగు నిమిషాల్లో.

సినిమాకి హీరోయిన్‌ని పరిచయం చేయడానికి పావుగంట ఉంటుంది. ఆమె ఇల్లు, స్నేహితులు, కోరికలు అన్నీ చూపించవచ్చు. పాటకి ఆ వ్యవధి లేదు. గులాబీ గౌను ఒక్కటి తొడిగితే ఆ పావుగంట పని ఒక్క షాటులో అయిపోతుంది. అందం, డబ్బు, హాలీవుడ్, మగవాళ్లను ఆడించడం, ఇవన్నీ మన్రో అప్పటికే ఆ గౌనులో కూడబెట్టి పెట్టింది.

ఇంకో సంగతి. ఆ వజ్రాల పాట మన్రో సొంతం కూడా కాదు. 1949లో బ్రాడ్‌వే రంగస్థలం మీద కేరల్ చానింగ్ పాడింది. దానికి మూలం అనీటా లూస్ 1925లో ప్రచురించిన నవల. సినిమాలో ఆ పాటకు డాన్సు కూర్చింది జాక్ కోల్, గౌను కుట్టించింది ట్రవిల్లా. మనం 'మన్రో' అని పిలుస్తున్న ఆ రూపంలోనే ఇంతమంది ఉన్నారు.

ఎడిటింగ్_టేబుల్

మూకీ గారు చెప్పింది నిజం. నేను చిన్న వీడియోలకు ఎడిటింగ్ చేస్తాను. గాయకులు మొదటి మీటింగుకి ఒక ఫోల్డరు పట్టుకుని వస్తారు. అందులో పాత సినిమాల స్టిల్స్, మ్యాగజైన్ పేజీలు ఉంటాయి. "నాకు ఈ ఫీల్ కావాలి" అంటారు. అది దొంగతనం చేద్దామని కాదు. తమ గురించి తాము మాటల్లో చెప్పుకోలేనిది ఒక బొమ్మ చూపించి చెబుతున్నారు, అంతే.

రాగమాలిక

శ్రావణమేఘం గారూ, ఆ వీడియోలో కథ గమనించారా? డాన్సు నంబరు కాకుండా, చుట్టూ ఉన్న కథ. అందులో ఆమె ఒక నటి. ఖరీదైన కానుకలకు పడదు. ఆమెను గెలుచుకునేది చిన్న పూలగుత్తితో, పాత ట్రక్కుతో వచ్చినవాడు (కీత్ కారడైన్ వేశాడు). అతనికి నిజానికి డబ్బుంది, అది దాచి బీదవాడిలా వస్తాడు. అంటే పాట "నేను డబ్బు మనిషిని" అంటుంటే, వీడియో "కాదు, అది ఆమె వేసే వేషం" అంటుంది. దర్శకురాలు మేరీ లాంబర్ట్ చాలా తెలివిగా తీసింది.

అయినా ఏం జరిగింది? పత్రికలన్నీ మడోనాకు 'మెటీరియల్ గర్ల్' అనే పేరు తగిలించాయి. అది వదలనే లేదు. పూలు ఎవరికీ గుర్తు లేవు. గౌను గుర్తుంది.

నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసేది ఇదే. తెచ్చుకున్న రూపం ఎంత బలమైనదంటే, దాన్ని తెచ్చుకున్నవాళ్లు చెప్పదలచుకున్న కథను కూడా మింగేస్తుంది.

శ్రావణమేఘం

పూలు నాకూ గుర్తు లేవు! మళ్లీ చూస్తాను.

అడుగుల_సవ్వడి

నేను డాన్సు నేర్పుతాను, కాబట్టి నా ఉదాహరణలన్నీ కాళ్ల దగ్గరే ఉంటాయి.

మైకేల్ జాక్సన్ 'స్మూత్ క్రిమినల్' (1988) తీసుకోండి. తెల్ల సూటు, నీలి చొక్కా, టోపీ, నేరస్థులతో నిండిన క్లబ్బు. ఇది 'ద బ్యాండ్ వాగన్' (1953) చివర వచ్చే 'గర్ల్ హంట్' బ్యాలే నుంచి వచ్చింది. అందులో ఆ సూటు వేసింది ఫ్రెడ్ ఆస్టేర్. డాన్సు కూర్చింది మైకేల్ కిడ్. ఆ బ్యాలే కూడా అప్పట్లో తెగ అమ్ముడైన మికీ స్పిలేన్ డిటెక్టివ్ నవలలను ఆటపట్టిస్తూ తీసినదే.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, జాక్సన్ తీసుకున్నవాటికంటే వదిలేసినవి ఎక్కువ చెబుతాయి. ఆస్టేర్‌కి సిడ్ చారిస్ ఉంది. ఆమెతో కలిసి చేసే భాగమే ఆ బ్యాలేకి ప్రాణం. జాక్సన్ జోడీని తీసేశాడు. ఆడవాళ్లు వస్తారు, పోతారు, కానీ అతనితో సమానంగా ఎవరూ నిలబడరు. గుంపు మొత్తం అతని వేలి కదలికకు కదులుతుంది. ఆస్టేర్ అడుగులు నేల మీద జారుతున్నట్టు, బరువే లేనట్టు ఉంటాయి. జాక్సన్ అడుగులు ఆగుతాయి, విరుగుతాయి, మళ్లీ మొదలవుతాయి. అదే సూటులో పూర్తిగా వేరే మనిషి.

అప్పటికి పత్రికలు అతన్ని వింత మనిషిగా, సున్నితమైనవాడిగా చూపించేవి. ఆ సూటు అతనికి ఒక పెద్దమనిషి అధికారాన్ని ఇచ్చింది. నేను అలా చదువుకుంటాను.

ఆ ముందుకు వాలే భంగిమ చూశారుగా, మడమలు నేలకు ఆనించి శరీరమంతా ముందుకి? వీడియోలో తీగల సాయంతో చేశారు. స్టేజీ మీద చేయడానికి మడమ నేలలోని మేకుకు తగులుకునే బూట్లు తయారుచేయించారు. 1993లో వాటికి పేటెంటు వచ్చింది, పేటెంటు పత్రంలో జాక్సన్ పేరు కూడా ఉంది. అది ఆస్టేర్ దగ్గర లేదు. పాత సూటులో నిలబడి కొత్తది ఒకటి కలిపాడు. నా పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, తీసుకున్నచోట ఒకటి పెట్టి రండి అని.

జాక్సన్ తన ఆత్మకథను ఆస్టేర్‌కి అంకితం ఇచ్చాడు. దాపరికం ఏమీ లేదు.

నీలిసిరా

అడుగుల_సవ్వడి గారూ, ఆస్టేర్‌కి అంకితం ఇచ్చాడు, సంతోషం. మరి మూన్‌వాక్? అది జాక్సన్ కనిపెట్టాడని ఇప్పటికీ జనం అనుకుంటారు. బిల్ బెయిలీ అనే ట్యాప్ డాన్సర్ 1943 సినిమా 'కేబిన్ ఇన్ ద స్కై'లో అలాగే వెనక్కి జారుతూ వెళ్తాడు. ఆయన పేరు ఎంతమందికి తెలుసు?

పెద్ద స్టార్ నుంచి తీసుకుంటే 'నివాళి' అంటాం. పేరు తెలియనివాడి నుంచి తీసుకుంటే అతను కనిపించకుండా పోతాడు. ఈ చర్చలో అందరూ మొదటి రకం గురించే మాట్లాడుతున్నారు.

అడుగుల_సవ్వడి

ఒప్పుకుంటాను. బెయిలీ వెనక్కి జారే ఆ షాటు నేను క్లాసులో చూపిస్తాను. చూసిన ప్రతిసారీ పిల్లలు నోరు తెరిచి చూస్తారు. 'కేబిన్ ఇన్ ద స్కై', 'ద బ్యాండ్ వాగన్' రెండింటికీ దర్శకుడు విన్సెంట్ మినెల్లీయే. ఒకే దర్శకుడి రెండు సినిమాల్లో కనిపించిన ఇద్దరు డాన్సర్లలో ఒకరి పేరు లోకమంతా తెలుసు, ఒకరిది తెలియదు.

మూకీ_ప్రేమికుడు

నీలిసిరా గారి ప్రశ్నకు వస్తాను. దానికి ముందు నాకిష్టమైన ఉదాహరణ ఒకటి పెట్టనివ్వండి, ఎందుకంటే ఒకే మూలం నుంచి ముగ్గురు మూడు రకాల రూపాలు చేసుకున్నారు.

ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'మెట్రోపొలిస్' (1927), మూకీ సినిమా. పైన ఆకాశహర్మ్యాల్లో యజమానులు, భూమి కింద యంత్రాల దగ్గర కార్మికులు. మరియా అనే అమ్మాయి కార్మికులకు ఓర్పు చెబుతుంటుంది. ఒక శాస్త్రవేత్త తన యంత్రానికి మరియా రూపం ఇచ్చి, ఆ నకిలీ మరియాను జనం మీదకి వదులుతాడు. రెండు పాత్రలూ బ్రిగిట్టే హెల్మ్ చేసింది. లోహపు శరీరంలో కూడా ఆమే ఉంది.

మొదట క్వీన్. 'రేడియో గా గా' (1984), దర్శకుడు డేవిడ్ మాలెట్. వీళ్లు సినిమా షాట్లనే నేరుగా వాడారు. బ్యాండు ఒక ఎగిరే కారులో ఆ నగరం మీదుగా పోతుంది. కార్మికుల గుంపులాగే ఒక గుంపు వరుసల్లో నిలబడి, చేతులు పైకెత్తి తాళానికి చప్పట్లు కొడుతుంది. అదే ఏడాది జార్జియో మొరోడర్ రంగులద్ది, పాటలు కలిపి ఆ సినిమాను మళ్లీ విడుదల చేశాడు. అందులో క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పాట కూడా ఉంది. ఇక 1985 జూలై 13న వెంబ్లీ స్టేడియంలో లైవ్ ఎయిడ్ అనే సహాయనిధి కచేరీ. క్వీన్ ఈ పాట అందుకోగానే స్టేడియం మొత్తం, దాదాపు 72,000 మంది, వీడియోలో చూసినట్టే చేతులెత్తి చప్పట్లు కొట్టారు. ఎవరూ నేర్పలేదు. వీడియోయే నేర్పింది. మెర్క్యురీ అంటే జనసముద్రాన్ని ఒక్క చేత్తో కదిపేవాడు అనే బొమ్మ ఆ రోజుతో స్థిరపడిపోయింది. లాంగ్ సినిమాలో ఆ గుంపు బానిసత్వానికి గుర్తు. వెంబ్లీలో అదే కదలిక ఆనందంగా మారింది. ఆ ఫుటేజీ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

రెండోది మడోనా 'ఎక్స్‌ప్రెస్ యువర్‌సెల్ఫ్' (1989), దర్శకుడు డేవిడ్ ఫించర్. అప్పటికి అత్యంత ఖరీదైన వీడియోల్లో ఒకటి. పొగగొట్టాలు, వానలో తడుస్తూ పనిచేసే కండల మగవాళ్లు, పైన యజమాని ఉండే ఎత్తైన భవనం. లాంగ్ సినిమాలో పై నుంచి చూసేది మగవాడు. ఇక్కడ మడోనా మగవాళ్ల సూటు వేసుకుని, కంటికి ఒంటి అద్దం పెట్టుకుని ఆ స్థానంలో నిలబడుతుంది. మరో సన్నివేశంలో మెడకు ఇనుప పట్టీతో కూడా కనిపిస్తుంది. రెండు చోట్లా ఆమే. సినిమాలో తలకూ చేతులకూ మధ్య హృదయం ఉండాలని చెప్పే వాక్యాన్ని కొంచెం మార్చి వీడియో చివర వేశారు. 1985లో గులాబీ గౌను వేసిన ఆమెకు, నాలుగేళ్ల తర్వాత ఆ గౌను చాలలేదు. ఈసారి తెచ్చుకున్నది నటి రూపాన్ని కాదు, యజమాని కుర్చీని.

మూడోది జనెల్ మొనే. 2007లో వచ్చిన ఆమె మొదటి చిన్న ఆల్బమ్ పేరులోనే 'మెట్రోపొలిస్' ఉంది. అందులో ఆమె సిండి మేవెదర్ అనే ఆండ్రాయిడ్ (మనిషి రూపంలోని యంత్రం), సంఖ్య 57821. మనిషిని ప్రేమించినందుకు ఆమెను ముక్కలు చేయాలని తీర్పు. 'మెనీ మూన్స్' వీడియోలో ఆండ్రాయిడ్లను వేలం వేస్తారు. నల్లజాతి గాయని వేలంపాట బల్ల మీద నిలబడిందంటే ఆ బొమ్మకు ఎంత బరువుందో చెప్పక్కర్లేదు. 2010 ఆల్బమ్ అట్ట మీద ఆమె తలపై నగరం కిరీటంలా ఉంటుంది, అది నేరుగా ఆ సినిమా పోస్టరు జ్ఞాపకమే. లాంగ్ కథలో యంత్రం మోసగత్తె. మొనే చేతిలో అదే యంత్రం కథానాయిక అయింది.

ఇంకొకటి. చాలాకాలం ఆమె నలుపు తెలుపు సూట్లే వేసేది. తన తల్లిదండ్రులు యూనిఫాం వేసుకుని కష్టం చేసినవాళ్లని, తనదీ ఒక యూనిఫామేనని చెప్పింది. భూమి కింద పనిచేసేవాళ్ల గురించిన సినిమా ఆమెకు ఎందుకు నచ్చిందో నాకు అక్కడ అర్థమైంది.

రాగమాలిక

మూకీ గారూ, ఇది చదివాక ముగ్గురివీ వరుసగా పెట్టి చూశాను. మొనే దగ్గర ఆగిపోయాను. మిగతా ఇద్దరూ సినిమా నుంచి దృశ్యం తీసుకున్నారు. ఆమె సినిమాలో ఓడిపోయినవాళ్ల పక్షం తీసుకుంది.

తొలి_వాన

కొత్త సభ్యుడిని. 'థ్రిల్లర్' గురించి ఎవరూ చెప్పలేదేం? అదే కదా వీటన్నిటికీ పెద్దది.

మూకీ_ప్రేమికుడు

స్వాగతం తమ్ముడూ. 'థ్రిల్లర్' (1983) పధ్నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ. జాన్ ల్యాండిస్ తీశాడు. అంతకు రెండేళ్ల ముందు అతనే తోడేలుమనిషి సినిమా ఒకటి తీశాడు, అది చూసే జాక్సన్ అతన్ని పిలిచాడు. మేకప్ చేసిన రిక్ బేకర్ కూడా ఆ సినిమావాడే. చివరి మాటలు విన్సెంట్ ప్రైస్‌వి, దశాబ్దాల పాటు భయం సినిమాల్లో వినిపించిన గొంతు. అంటే జాక్సన్ భయం సినిమాను దూరం నుంచి అనుకరించలేదు. ఆ పనివాళ్లనే తీసుకొచ్చి పక్కన నిలబెట్టుకున్నాడు. 2009లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు, ఆ గౌరవం దక్కిన మొదటి మ్యూజిక్ వీడియో అదే.

రూపం సంగతికొస్తే, అప్పటిదాకా అతను అందరిళ్లలో పెరిగిన మంచి కుర్రాడు. ఆ వీడియోలో పక్కనున్న అమ్మాయితో తాను మిగతావాళ్లలాంటివాడిని కాదని చెప్పి, తోడేలుగా మారతాడు. మంచి కుర్రాడిలో ఇంకేదో ఉందని చెప్పడానికి భయం సినిమా ఒక సురక్షితమైన దారి. ముసుగు తీసేస్తే మళ్లీ నవ్వుతాడు. ఆఖర్న కళ్లు మాత్రం పసుపు.

వెలుగునీడ

నేను ఫొటోగ్రఫీ వైపు నుంచి మాట్లాడతాను. సినిమాల నుంచి తీసుకున్నప్పుడు కనీసం ఆ సినిమా పేరైనా ఎవరో ఒకరు చెబుతారు. ఫొటోల నుంచి తీసుకుంటే అదీ ఉండదు.

మడోనా 'వోగ్' (1990), ఇదీ ఫించర్‌దే. వీపు కనిపించేలా, లేసులు వదులైన కార్సెట్‌తో ఒక షాటు ఉంది. ఫొటోగ్రాఫర్ హోర్స్ట్ 1939లో తీసిన ప్రసిద్ధ ఫొటో అది. వెలుగు పడే కోణంతో సహా అదే. హోర్స్ట్ అప్పటికి బతికే ఉన్నాడు, ఆయన్ని అడగలేదు.

2003లో ఆమె 'హాలీవుడ్' వీడియో వచ్చాక, గీ బూర్దాఁ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కొడుకు కోర్టుకి వెళ్లాడు. తండ్రి ఫొటోల్లోని భంగిమలను, కూర్పులను దించేశారని అతని వాదన. రాజీతో ముగిసింది. 2011లో రిహానా వీడియో ఒకదాని మీద ఫొటోగ్రాఫర్ డేవిడ్ లాషపెల్ దావా వేశాడు, అదీ రాజీయే. రాజీలతో తీర్పులు రావు. ఎక్కడిదాకా స్ఫూర్తి, ఎక్కడినుంచి నకలు అనే గీత గీయకుండానే కేసులు ముగిసిపోయాయి.

మామూలుగా చట్టం ఆలోచనను కాపాడదు, ఆ ఆలోచనకు ఇచ్చిన నిర్దిష్టమైన రూపాన్నే కాపాడుతుంది. కానీ ఫొటోలో ఆలోచన ఎక్కడ ఆగి రూపం ఎక్కడ మొదలవుతుంది? వెలుగు, కోణం, చేతి వంపు, ఇవే కదా మా ఆలోచన అంతా.

నీలిసిరా

'వోగ్' పేరు ఎత్తారు కాబట్టి నా అసలు బాధ చెబుతాను.

ఆ వీడియోలోని 'వోగ్' డాన్సు న్యూయార్కు హార్లెమ్‌లో నల్లజాతి, లాటినో స్వలింగ సంపర్కులు, ట్రాన్స్ మనుషులు జరుపుకునే బాల్స్ అనే డాన్సు పోటీల వేడుకల్లో పుట్టింది. ఇంట్లోంచి గెంటేసిన పిల్లలు 'హౌస్' అని పేరుపెట్టి తమకో కుటుంబం కట్టుకున్నారు. పోటీల్లో ఫ్యాషన్ మ్యాగజైన్ల మోడళ్లలా భంగిమలు పట్టేవారు. 'వోగ్' అనే పేరు కూడా అలాంటి ఒక మ్యాగజైన్‌దే. ఏ మ్యాగజైన్ పేజీల్లోకి తమను రానివ్వలేదో ఆ పేజీలనే ఒంటి మీదకి తెచ్చుకున్నారు. అది కూడా అరువే, కానీ దానిలో ఎంత ఆత్మగౌరవం ఉందో చూడండి.

మడోనా ఎక్స్‌ట్రావగాంజా హౌస్ నుంచి హోసే గుటియెరెజ్, లూయిస్ కమాచోలను తీసుకుంది. వాళ్లే కొరియోగ్రఫీ చేశారు, వీడియోలో ఉన్నారు, టూరుకీ వెళ్లారు. ఆ మేరకు ఆమెను తప్పుపట్టను. కానీ పాటలో వరుసగా వినిపించే పేర్లు దాదాపు అన్నీ పాత హాలీవుడ్ తారలవి. హార్లెమ్ పేరు లేదు. విన్నవాళ్లు ఏమనుకుంటారు? ఈ డాన్సు గ్రెటా గార్బో కాలం నుంచి నేరుగా మడోనా దగ్గరికి వచ్చిందనుకుంటారు. మధ్యలో ఉన్న మనుషులు జారిపోయారు.

నా స్నేహితుల్లో అలాంటి జీవితాలు గడిపినవాళ్లు ఉన్నారు. అందుకే ఇది నాకు సినిమా చర్చ మాత్రమే కాదు.

శ్రావణమేఘం

నీలిసిరా గారూ, ఇది రాసినందుకు థాంక్స్. ఆ పేర్ల వరుస నాకు నోటికి వచ్చు. ఎవరి పేర్లు లేవో అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అడుగుల_సవ్వడి

డాన్సులో పేరు పోవడం గురించి రెండు కథలు చెబుతాను. రెండూ బియాన్సేవే, కానీ రెండూ ఒకటి కావు.

'సింగిల్ లేడీస్' (2008). నలుపు తెలుపు, ముగ్గురు ఆడవాళ్లు, ఖాళీ సెట్టు. బాబ్ ఫోసీ కూర్చిన 'మెక్సికన్ బ్రేక్‌ఫాస్ట్' అనే డాన్సు దీనికి మూలం. 1969లో గ్వెన్ వెర్డన్ ఇంకో ఇద్దరితో కలిసి టీవీలో చేసింది. ఆ వీడియో ఇంటర్నెట్‌లో చూశానని బియాన్సేనే చెప్పింది. అయితే ఫోసీ దగ్గర లేనిది ఇందులో ఉంది. అమెరికా దక్షిణాదిలోని నల్లజాతి కాలేజీ డాన్స్ బృందాల నుంచి వచ్చిన జె-సెట్టింగ్ అనే శైలి. ఒకరు అడుగు వేస్తే వెనకవాళ్లు అందుకోవడం దాని పద్ధతి. వెర్డన్ నడుము వంపు, ఈ కొత్త ఊపు కలిసి మూడోది పుట్టింది. కొరియోగ్రాఫర్లలో ఒకడైన జాక్వెల్ నైట్ 2020లో ఆ డాన్సుకి కాపీరైట్ నమోదు చేయించుకున్నాడు. డాన్సు కూర్చినవాడు ఆ పని చేయగలిగాడంటే మా రంగంలో అది చిన్న విషయం కాదు.

'కౌంట్‌డౌన్' (2011) వేరే. బెల్జియం కొరియోగ్రాఫర్ ఆన్ తెరేసా డి కీర్స్‌మాకర్ 1983లో చేసిన 'రోసాస్ డాన్స్ట్ రోసాస్' నుంచి కుర్చీల మీద కదలికలు, భుజం మీద చొక్కా లాగడం, తల విసరడం, దాన్ని ఫిల్ముగా తీసినప్పటి గదుల వాతావరణం కూడా వచ్చేశాయి. ఆమెను ముందుగా అడగలేదు. ఆమె బయటికి వచ్చి చెప్పాక, అది తన స్ఫూర్తుల్లో ఒకటని బియాన్సే ఒప్పుకుంది. అదే వీడియోలో పాత హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ నల్లదుస్తులు కూడా ఉన్నాయి. వాటిని అందరూ గుర్తుపట్టారు. డి కీర్స్‌మాకర్‌ని చాలామంది గుర్తుపట్టలేదు. గుర్తుపట్టేవాళ్లు లేనప్పుడు అది నివాళి ఎలా అవుతుంది?

2013లో డి కీర్స్‌మాకర్ ఏం చేసిందో చూడండి. ఆ కుర్చీల డాన్సు ఎలా చేయాలో తన బృందంతో వీడియోల్లో విడమరిచి నేర్పించి, ఎవరైనా చేసి పంపండి అని ప్రపంచానికంతా చెప్పింది. స్కూలు పిల్లలు, ముసలివాళ్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు చేసి పంపారు. మా క్లాసు కూడా ఆ వీడియోలు చూసే నేర్చుకుంది. కుర్చీలో కూర్చుని చేసేది కదా, సులువనుకున్నాం. పది నిమిషాలకు అందరికీ ఊపిరి అందలేదు. ఆ అలసటే ఆ డాన్సుకి అర్థం అని అప్పుడు తెలిసింది. పాప్ వీడియోలో రెండు సెకన్ల ముక్కలుగా కత్తిరిస్తే అలసట ఎక్కడ కనిపిస్తుంది?

ఎడిటింగ్_టేబుల్

ఆ చివరి వాక్యం మా టేబుల్ దగ్గర రాసి పెట్టుకోవాలి. దృశ్యం తీసుకోవడం సులువు, అది ఎంతసేపు ఉందో ఆ వ్యవధి తీసుకురావడం కష్టం.

నాకు జరిగింది చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక కొత్త గాయనికి వీడియో చేశాం. దర్శకుడికి 'ద క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి' (1920) అంటే ప్రాణం. వంకర గోడలు, గీసిన నీడలు, ఏటవాలు కిటికీలు. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ అనే బ్యాండు కూడా 2000లో ఆ శైలిలో ఒక వీడియో చేశారు కాబట్టి ధైర్యంగా దిగాం. సెట్టు అద్భుతంగా వచ్చింది. గాయనికి ఆ సినిమాలో నిద్రలో నడిచేవాడిలా తెల్లటి ముఖం, నల్లటి కళ్లు పెట్టాం.

విడుదలయ్యాక కామెంట్లన్నీ సెట్టు గురించే. "ఏ సినిమా అది?" అని అడిగారు. ఆ అమ్మాయి గురించి ఒక్కరూ అడగలేదు. వారం తర్వాత ఆమె ఫోను చేసి, "అన్నా, నన్ను దారిలో ఎవరూ గుర్తుపట్టడం లేదు" అంది. మొదటి పాటకే ఆమె ముఖం మేమే దాచేశాం. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

రెండో పాటకి ఒకటే తీసుకున్నాం, గోడ మీద పొడవాటి నీడ. ముఖం మాత్రం ఆమెది ఆమెకే వదిలేశాం. ఆ వీడియో తర్వాత జనం ఆమె పేరు అడిగారు.

రెడ్ హాట్ వాళ్లకి అప్పటికే పేరుంది, వాళ్ల ముఖాలు అందరికీ తెలుసు. మాకు ఆ తేడా తట్టలేదు.

తొలి_వాన

అన్నా, ఇది చాలా ఉపయోగం. నేను నా మొదటి వీడియో ప్లాన్ చేసుకుంటున్నా. 'అడిక్టెడ్ టు లవ్'లా అందరికీ ఒకే మేకప్, ఒకే దుస్తులు పెట్టి వెనక బ్యాండులా నిలబెడదామనుకున్నా. ఇప్పుడు టెన్షన్ వస్తోంది.

రాగమాలిక

మానుకోవద్దు, కానీ గాయని షనాయా ట్వెయిన్ దాన్ని ఏం చేసిందో చూడు. రాబర్ట్ పామర్ వీడియోలో (1986) ముందు మగవాడు, వెనక ఒకేలా ఉన్న మోడల్ అమ్మాయిలు. ఆమె 1999లో ముందు తాను నిలబడి, వెనక ఒకేలా ఉన్న మగ మోడళ్లను నిలబెట్టింది. ఒక్క మార్పుతో పాత వీడియోలో ఏం జరుగుతోందో అందరికీ కనబడింది. నువ్వు ఆ వరుసలో ఎవరిని నిలబెడతావు, ఎందుకు? ముందు అది తేల్చుకో, మేకప్ సంగతి తర్వాత.

మూకీ_ప్రేమికుడు

వీజర్ 'బడ్డీ హోలీ' (1994) కూడా చూడు తమ్ముడూ. స్పైక్ జోన్జ్ ఆ బ్యాండుని 'హ్యాపీ డేస్' అనే టీవీ సీరియల్ హోటల్లో వాయిస్తున్నట్టు తీశాడు. సెట్టు మళ్లీ కట్టారు, పాత ఎపిసోడ్ల ముక్కలు అతికించారు, సీరియల్లో హోటల్ యజమానిగా చేసిన నటుడే వచ్చి పరిచయం చేస్తాడు. ఆ సీరియల్ 1974లో మొదలై 1950ల గురించి బెంగపడింది. అంటే బెంగ మీద బెంగ. ఆ సిగ్గరి కుర్రాళ్లకి అది బాగా అమిరింది. వాళ్లు ఏ కాలానికీ సరిపోనట్టు కనిపించారు, వాళ్ల పాటలూ అంతే. విండోస్ 95 సీడీలో ఆ వీడియో పెట్టి ఇచ్చారు కాబట్టి, సీరియల్ ఎప్పుడూ చూడనివాళ్లు కూడా దీన్నే ముందు చూశారు. శ్రావణమేఘం గారికి మన్రోతో జరిగినట్టే.

నీలిసిరా

తొలి_వానకి నా వైపు నుంచి ఒకటే. ఎవరి దగ్గర తీసుకుంటున్నావో వాళ్లు బతికి ఉంటే అడుగు. పోయినవాళ్లయితే వీడియో కింద పేరు రాయి. పాట మూడు నిమిషాలు, పేరు ఒక్క వరుస.

తొలి_వాన

రాస్తాను అక్కా. మాట ఇస్తున్నా.

శ్రావణమేఘం

నిన్న రాత్రి 'మెటీరియల్ గర్ల్' మళ్లీ చూశాను. ఈసారి పూర్తి వీడియో, మొదటి సెకను నుంచి.

నేను చిన్నప్పుడు చూసింది పాట దగ్గర మొదలయ్యే ముక్క. అసలు వీడియో అక్కడ మొదలవదు. చీకటి గది, ఇద్దరు మగవాళ్లు కూర్చుని తెర మీద రషెస్ (అప్పుడే తీసిన షూటింగ్ ముక్కలు) చూస్తుంటారు. ఒకడు ఈమె స్టార్ కాగలదు అన్నట్టు మాట్లాడతాడు. రెండోవాడు, ఇప్పటికే స్టార్ అంటాడు. గులాబీ గౌను మొదట కనిపించేది ఆ తెర మీదే. అంటే అది మన్రో గౌను వేసుకున్న మడోనా కాదు. మన్రో గౌను వేసుకున్న ఒక నటిని ఇద్దరు మగవాళ్లు చూస్తుంటే, వాళ్ల వెనక నుంచి మనం చూస్తున్నాం.

ఆ తర్వాత పూలు కూడా కనిపించాయి రాగమాలిక గారూ. చిన్న తెల్ల పూలు. వానలో ట్రక్కు కూడా ఉంది.

ఆ చీకటి గది ఎక్కువసేపు ఉండదు. ఇన్నేళ్లూ నేను దాని తర్వాతి నుంచే చూశాను.